చెమట మనది, పాసుబుక్కు వాళ్లది

వానాకాలం మొదలైతే జ్యోతినగర్‌లో తెల్లారకముందే రెండు రకాల బండ్లు కదులుతాయి. ఒకటి ఎన్టీపీసీ గేటుకు, సింగరేణి బాయిలకు పోయే డ్యూటీ బండ్లు. రెండోది అంతర్గాం, పాలకుర్తి దిక్కు చేన్లకు ఆడోళ్లను నింపుకొని పోయే ఆటోలు. డ్యూటీ బండ్ల మీద పేపర్లు రాస్తాయి, యూనియన్లు మాట్లాడతాయి. ఆటోల మీద మాట్లాడే యూనియన్ లేదు. ఆ ఆటోల్లో ఎక్కువమంది మన మాల, మాదిగ వాడల అక్కలే.

2025 జూన్‌లో రైతు భరోసా పైసలు పడ్డ రోజుల సంగతి. పత్తి గింజలు పెట్టి వచ్చిన ఒక అక్క ఇట్లా చెప్పింది: "చేను ఆసామి హైదరాబాదుల ఉంటడు. ఆయన ఫోనుకు మెసేజి వచ్చిందట, పైసలు పడ్డయని. కౌలుకు చేసే పిలగాడు గట్టు మీద నిలబడి మందు బస్తాలు ఉద్దెరకు ఇయ్యమని షావుకారికి ఫోను చేస్తుండు. మేం చాళ్లల్ల ఒంగి గింజ పెడుతున్నం. అన్నా, రైతు ఎవరే మా ముగ్గురిల?"

ఈ ప్రశ్నకు సర్కారు దగ్గర జవాబు ఉన్నది. 2018 నుంచి అదే జవాబు చెప్తున్నది. పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంటే వాడే రైతు. దుక్కి దున్నినా, నాటు వేసినా, అప్పు తెచ్చినా, పంట పోయి పురుగుల మందు తాగినా, పాసుబుక్కు లేకపోతే నువ్వు రైతువు కావు. పార్టీలు మారినయి, పథకం పేరు మారింది. జవాబు మాత్రం మారలేదు.

ఎకరాల లెక్క

2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలం శాలపల్లి–ఇందిరానగర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రైతుబంధు మొదలుపెట్టారు. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. 2019 వానాకాలం నుంచి 5,000 చేశారు. ఎన్ని ఎకరాలున్నా ఇస్తామన్నారు, గరిష్ఠ పరిమితి పెట్టలేదు. ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాడికీ, పెద్ద నౌకరీ చేసేవాడికీ, అమెరికాలో ఉన్నవాడికీ పట్టా ఉంటే చాలు. కౌలుదారుకు మాత్రం లేదని ఖరాఖండిగా చెప్పారు.

2018 వానాకాలం నుంచి 2023 వానాకాలం దాకా 11 పంటలు. ప్రభుత్వం పెట్టుకున్న రేటు ప్రకారం ఈ 11 పంటలకు ఎకరానికి అయ్యేది 53,000 రూపాయలు. ఇక విప్పి చూడండి.

యాభై ఎకరాల ఆసామికి 26 లక్షల 50 వేలు.
పది ఎకరాల పటేలుకు 5 లక్షల 30 వేలు.
ఇరవై గుంటలున్న మన చిన్న రైతుకు 26,500.
పదెకరాలు కౌలుకు చేసినవాడికి సున్నా.
ఆ పదెకరాల్లో ఏడాది పొడుగునా కైకిలి చేసిన అక్కకు సున్నా.

సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు తక్కువ, ఎవరికి తక్కువ అవసరమో వాళ్లకు ఎక్కువ. దీన్ని 'పెట్టుబడి సాయం' అన్నారు. పెట్టుబడి పెట్టేది ఎవరు? కౌలుకు ఇచ్చిన ఆసామి విత్తనం కొంటడా, మందు కొంటడా, ట్రాక్టరు కిరాయి కడతడా? ఆయన గుత్త ముందుగాల వసూలు చేసుకుంటడు. కౌలు పైసలు ఒక దిక్కు నుంచి, సర్కారు పైసలు ఇంకో దిక్కు నుంచి. ఒక చేనుకు రెండు కౌళ్లు!

ఐదేండ్లలో డెబ్బై వేల కోట్లకు పైగా రైతుబంధు కింద పంచామని అప్పటి ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్నది. అందులో 22 వేల కోట్లకు పైగా సాగులో లేని భూములకే పోయిందని 2024 డిసెంబరులో శాసనసభ చర్చలో ఇప్పటి ప్రభుత్వం చెప్పింది. అంటే గుట్టలకు, ప్లాట్లు చేసిన భూములకు కూడా పెట్టుబడి సాయం అందింది. గుట్టకు పెట్టుబడి ఉంటది గాని, మాదిగ కౌలు రైతుకు పెట్టుబడి ఉండదు. 2018లో ఉన్నోళ్లు తమంతట తాము వదులుకోవాలని 'గివ్ ఇట్ అప్' అన్నారు. ఉన్నోడి దయ మీద నడిచేదాన్ని న్యాయం అనలేం.

కొత్త ప్రభుత్వం ఏం చేసింది? 2022 మే 6న వరంగల్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ పట్టాదారుకూ, కౌలుదారుకూ ఎకరానికి ఏడాదికి 15,000, వ్యవసాయ కూలీకి 12,000 ఇస్తామని మాట ఇచ్చింది. గెలిచింది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలుపెట్టింది. ఎకరానికి పంటకు 6,000, ఏడాదికి 12,000. సాగుకు పనికిరాని భూములు తీసేస్తామన్నారు, అది మంచిదే. కానీ ఎకరాల పరిమితి మళ్లీ పెట్టలేదు. కౌలుదారు మళ్లీ బయటే నిలబడ్డడు.

ఢిల్లీ పథకం కూడా ఇదే తాను గుడ్డ. 2019లో వచ్చిన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 ఇస్తది. అందులో ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లను పక్కకు పెట్టారు, అందరికీ ఒకే మొత్తం ఇస్తారు, అంతవరకు నయం. కానీ అదీ భూమి పేరు మీద ఉన్న కుటుంబాలకే.

ఒక్క యూరియా బస్తా సంగతి వేరు. మన రామగుండంలోనే తయారయ్యే యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు అమ్ముతారు. మిగతా ఖర్చు కేంద్రం కంపెనీకి కడుతుంది. బస్తా ఎత్తుకొని చేనుకు పోయేవాడికి ఆ సబ్సిడీ ఎంతో కొంత అందుతది, వాడు పట్టాదారైనా కౌలుదారైనా. అంటే సాగు చేసేవాడికి సాయం అందించడం చాతకాని పనేం కాదు.

పట్టా ఎక్కడి నుంచి వచ్చింది?

"భూమి ఉన్నోనికి ఇస్తే తప్పేంది?" అని కొందరు అడుగుతారు. అయితే భూమి వాళ్లకెట్ల వచ్చిందో, మనకెట్ల లేకుండ పోయిందో ముందు చెప్పాలె.

నిజాం కాలంలో దేశ్‌ముఖులు, జాగీర్దార్ల కింద మనోళ్లు వెట్టి చేశారు, తరతరాలు జీతం ఉన్నారు. చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, చచ్చిన గొడ్డు మోసి, దొర పొలం దున్నిన కులాల చేతికి భూమి పత్రం రాలేదు. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారులకు హక్కు అన్నారు. కాగితం మీద కౌలుదారు కావాలన్నా కొంత పలుకుబడి ఉండాలె. జీతగాడి పేరు ఏ రికార్డులో ఎక్కుతది? 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. దొరల భూములు బంధువుల పేర్ల మీదికీ, బినామీల మీదికీ మారినయి. 1978లో జగిత్యాల జైత్రయాత్రకు వేలమంది రైతుకూలీలు ఊరికే నడవలేదు. బంజరు మీద, వెట్టి మీద, కూలి రేటు మీద లేచిన కోపం అది.

ఆ దొరతనం తట్టుకోలేక మనోళ్లు ఎంతోమంది గోదావరిఖనికి వచ్చారు. బాయిలో తట్ట మోసినా సరే, దొర గడీ ముందు చెప్పులు విప్పే బాధ లేదనుకున్నారు. ఇక్కడ బాయిలు పడ్డాయి. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన అయింది. ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది, 1999లో మూతపడ్డది, 2021లో కొత్త పేరుతో మళ్లీ నడిచింది. కంపెనీలకు భూములు పోయినప్పుడు 1894 నాటి చట్టం ప్రకారం నష్టపరిహారం భూమిలో హక్కు చూపించగలిగినవాళ్లకే. ఆ భూమిని నమ్ముకొని కూలి చేసిన కుటుంబానికి ఆ చట్టంలో చోటు లేదు. అంటే భూమి పోయినప్పుడు పట్టాకే పైసలు, భూమి ఉన్నప్పుడూ పట్టాకే పైసలు. మనం రెండుసార్లూ ప్రేక్షకులమే.

2013లో పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసింది. ఆ చట్టం మూడేండ్లుగా ఆ భూమి మీద బతికిన కౌలుదారునూ, పాలుకు చేసేవాడినీ, వ్యవసాయ కూలీనీ 'బాధిత కుటుంబం' కింద గుర్తించింది. భూమి లాక్కునేటప్పుడు కూలీ కనబడ్డడు. మరి అదే భూమికి సాయం ఇచ్చేటప్పుడు ఎందుకు కనబడడు? దేశ చట్టం ఒప్పుకున్న సంగతిని రాష్ట్ర పథకం ఒప్పుకోకపోవడం ఏం న్యాయం?

కొద్దో గొప్పో భూమి దక్కినవాళ్ల గతి కూడా చూడాలె. మన తాత తెల్లకాగితం మీద రాయించుకొని పైసలు కట్టి కొన్న సాదాబైనామా భూములున్నాయి. 2020లో వాటి క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నారు, రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది లక్షల దరిదాపు వచ్చాయి. పాత చట్టం రద్దయి కొత్త చట్టం రావడంతో కేసు కోర్టులో పడి ఏండ్లు గడిచినయి. 2017లో భూరికార్డుల ప్రక్షాళన పేరిట వివాదం ఉన్న భూములను 'పార్ట్–బి'లో పడేశారు. ధరణి వచ్చినంక అనుభవదారు కాలమే మాయమైంది. ఎవడు దున్నుతున్నడో రాసిపెట్టే ఒక్క గడి ఉండె, దాన్ని కూడా కొట్టేశారు. పాసుబుక్కు రాలేదు, రైతుబంధు రాలేదు, 5 లక్షల రైతుబీమా వర్తించలేదు. ఒక్క కాగితం లేకపోతే బతికినప్పటి సాయం పోతది, చచ్చినంక సాయం కూడా పోతది.

భూమి ఇస్తామన్న మాట కూడా విన్నాం. 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలైంది. ఏండ్లు గడిచినంక లెక్క చూస్తే భూమి దక్కింది ఏడువేల కుటుంబాల దరిదాపులకే. తర్వాత దళితబంధు అన్నారు. 2021 ఆగస్టు 16న ఎక్కడ మొదలుపెట్టారో గుర్తున్నదా? అదే శాలపల్లిలో. రైతుబంధు పుట్టిన ఊళ్లోనే. ఒకే ఊరు, రెండు బంధులు. పట్టాదారుకు దరఖాస్తు లేకుండా, ఎవరి కాళ్లు మొక్కకుండా, పంట పంటకూ బ్యాంకులో పడ్డది. దళితుడికి మాత్రం లిస్టు, ఎమ్మెల్యే చుట్టూ తిరుగుడు, ఎన్నికలు అయిపోతే ఆగిపోవుడు. వాళ్లది హక్కు, మనది భిక్ష. ఈ తేడాను పట్టుకోకపోతే మనకు ఏ పథకమూ అర్థం కాదు.

కార్పొరేషన్ గీత

ఇప్పుడు మన జ్యోతినగర్ అక్కల దగ్గరికి వద్దాం. 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబానికి రెండు విడతలుగా ఏడాదికి 12,000. పేరు బాగుంది. ఉద్దేశం మంచిదే, కూలీని ఒక ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్నది. కానీ షరతు చూడండి. 2023–24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలె.

ఉపాధి హామీ చట్టం గ్రామాలకే. రామగుండం 2009 నుంచి కార్పొరేషన్. ఇక్కడ జాబ్‌కార్డు లేదు. జాబ్‌కార్డు లేకపోతే 20 రోజులు లేవు. 20 రోజులు లేకపోతే నువ్వు కూలివి కావు. పొద్దున ఐదింటికి ఆటో ఎక్కి పక్క మండలంలో పొద్దుగూకేదాక ఒంగి పనిచేసే మనిషి, ఇల్లు కార్పొరేషన్ గీత లోపల ఉన్న పాపానికి కూలీ కాకుండా పోయింది! అదే కార్పొరేషన్‌లో ఇల్లు కట్టుకొని, ఊళ్లో భూమి ఉన్న ఆసామికి రైతు భరోసా ఆగిందా? ఆగలేదు. భూమిగల్లోడు పట్నంలో ఉన్నా రైతే. భూమిలేనోడు పట్నంలో ఉంటే ఏమీ కాదు.

మున్సిపాలిటీల్లోని కూలీల మాట 2025 జనవరిలో హైకోర్టు దాకా పోయింది. వాళ్ల వినతిని పరిశీలించమని కోర్టు ప్రభుత్వానికి చెప్పింది. కోర్టు చెప్పిన మాట వాడ దాకా నడిచి రావాలంటే మన కాళ్లు కూడా కదలాలె.

ఇంకో తిరకాసు. సాయం భూమిలేని కుటుంబానికి. మరి ఐదు గుంటలున్న కుటుంబం? అది భూమి ఉన్న కుటుంబం కింద లెక్క. రైతు భరోసా ఐదు గుంటలకు ఎంత? పంటకు 750 రూపాయలు, ఏడాదికి 1,500. ఆ 1,500 కోసం 12,000 పోగొట్టుకోవాలె. మన వాడల్లో అన్నదమ్ములు పంచుకోగా గుంటలు మిగిలినవాళ్లే ఎక్కువ. తాత అసైన్‌మెంట్ పట్టా ముగ్గురు కొడుకులు, వాళ్ల కొడుకులు పంచుకుంటే ఏం మిగులుతది? కూలితో బతికేవాడిని గుంట భూమి చూపించి రైతు అంటున్నారు. పదెకరాలు కౌలుకు చేసేవాడిని పట్టా లేదని రైతు కాదంటున్నారు. రెండు దిక్కులా నష్టం మనకే.

చెప్పే సాకులు

మొదటి సాకు: కౌలుదారు పేరు రాస్తే పట్టాదారు భూమి పోతదని భయపడతడు. ఈ భయానికి మందు 2011లోనే తయారైంది. భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు ఏడాదికోసారి రుణ అర్హత కార్డు ఇయ్యమన్నది. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాశారు. తెలంగాణ వచ్చినంక ఈ చట్టం పుస్తకంలో ఉన్నది, కార్డు మాత్రం చాలామంది చేతికి రాలేదు.

రెండో సాకు: కౌలుదారులను గుర్తుపట్టలేం, ఏడాదికొకడు మారతడు. ఏ చేను ఎవడు చేస్తుండో ఊళ్లో తెలియనిదెవరికి? సుంకరికి తెలుసు, షావుకారికి తెలుసు, వ్యవసాయ విస్తరణ అధికారి పంట నమోదుకు చేనుకే వస్తడు. తెలియనిది సర్కారుకొక్కదానికే. 2022లో రైతు స్వరాజ్య వేదిక ఊళ్లు తిరిగి అడిగితే రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుకు చేసేవాళ్లని తేలింది. 2018లో అదే వేదిక టాటా ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలను కలిస్తే, నాలుగింట మూడు వంతులు కౌలు రైతులే. ఉద్యమ సంఘాలకు దొరికిన మనుషులు సర్కారుకు దొరకరా?

మూడో సాకు: ఎక్కడా ఇట్లా ఇయ్యరు. ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా పథకం భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 ఇచ్చింది. కార్డుకు భూమి యజమాని ఒప్పుకోలు కావాలన్న షరతు వల్ల అక్కడా చాలామంది బయట పడ్డారు. ఆ తప్పు మనం చేయొద్దు. ఒడిశాలో కాలియా పథకం భూమిలేని కుటుంబాలకు 12,500 పెట్టింది, పాలుకు చేసేవాళ్లనూ కలిపింది. మనకంటే పేద రాష్ట్రం అది.

ఇది మన ఒక్కరి కథ కూడా కాదు. యూరప్‌లో హెక్టారు లెక్కన సాయం ఇస్తే నూటికి 80 పాళ్ల సొమ్ము 20 పాళ్ల మంది చేతికే పోతున్నదని అక్కడి కమిషన్ లెక్కలే చెప్పాయి. అమెరికాలో వ్యవసాయ శాఖ అప్పులివ్వడంలో తమను తొక్కిపెట్టిందని నల్లజాతి రైతులు 1997లో కోర్టుకెక్కారు. పిగ్‌ఫర్డ్ కేసు అంటారు. 1999లో ప్రభుత్వం ఒప్పందానికి దిగి పరిహారం కట్టింది. వాళ్లు సంఘం కట్టి, కాగితాలు కూడబెట్టి కొట్లాడారు. ఎవరూ పిలిచి ఇయ్యలేదు.

ఏం అడగాలె, ఏం చేయాలె

ఒక మాట స్పష్టంగా చెప్పాలె. రైతులకు సాయం రద్దు చేయమని మనం అనడం లేదు. ఎకరం, రెండెకరాలున్న బీసీ రైతు, మన దళిత రైతు ఆ ఐదారు వేలతోనే విత్తనం కొంటున్నడు. వాళ్ల నోటికాడి ముద్ద మీద మనకు కన్ను లేదు. మన తగాదా యాభై ఎకరాల వాడి ఖాతాతో.

అడగాల్సినవి ఇవి. సాయానికి ఐదెకరాల పరిమితి పెట్టాలె. కౌలుకు పోయిన భూమికి సాయం కౌలుదారుకే అందాలె, గ్రామసభలో గుర్తింపు చాలు, యజమాని సంతకం షరతు ఉండొద్దు. ఆత్మీయ భరోసాకు కార్పొరేషన్ గీత, 20 రోజుల షరతు తీసేయాలె. ఎకరం లోపు ఉండి కూలికి పోయే కుటుంబాన్ని కూలీగానే లెక్కపెట్టాలె. ఏ కులానికి ఎన్ని ఎకరాల మీద ఎన్ని కోట్లు పోయినయో ఊరూరికీ బయటపెట్టాలె. 2024 కులసర్వేలో ఎస్సీలు రాష్ట్ర జనాభాలో 17.43 శాతం అని ప్రభుత్వమే తేల్చింది. మరి ఎకరాల సొమ్ములో మన వాటా ఎంతో కూడా ప్రభుత్వమే చెప్పాలె.

అడగడంతోనే సరిపోదు. ఈ పత్రిక చదివే ప్రతి కార్యకర్తా తన వాడలో ఒక నోటుపుస్తకం పెట్టాలె. ఎవరు ఎవరి భూమి కౌలుకు చేస్తున్నరు, ఎన్ని ఎకరాలు, గుత్త ఎంత, అప్పు ఎంత, ఎవరు ఏ ఊరికి కైకిలి పోతున్నరు, అన్నీ రాయాలె. చదువుకున్న పిల్లలు రాయండి, అక్కలు చెప్పండి. మండల వ్యవసాయ అధికారి దగ్గర సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి: మన మండలంలో ఐదెకరాల లోపు ఎంతమందికి ఎంత పోయింది, పదెకరాల పైన ఎంతమందికి ఎంత పోయింది? ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో, వార్డు ఆఫీసు ముందు చదవండి. మిగతా ఉపన్యాసం అవసరం లేదు.

మనలో మనకు కూడా ఒక మాట. మన కులాల్లో నౌకరీలు వచ్చినవాళ్లు, నాలుగెకరాలు కొనుక్కున్నవాళ్లు ఈ సంగతి మీద నోరు తెరవడం లేదు. తమ ఖాతాలో కూడా పడుతున్నయి గనుక. మాల, మాదిగ పంచాయితీలో రోజూ కొట్లాడుకునే నాయకులు, రెండు వాడల అక్కలూ ఒకే ఆటోలో ఒకే చేనుకు పోతున్న సంగతి ఎప్పుడన్నా చూశారా? ఆ ఆటో కాడికి రండి.

ఆఖరికి అసలు సంగతి భూమే. 1947లో బాబాసాహెబ్ అంబేద్కర్ 'రాష్ట్రాలు–అల్పసంఖ్యాకులు' అనే పత్రంలో వ్యవసాయ భూమి ప్రభుత్వ ఆధీనంలో ఉండాలని, కుల భేదం లేకుండా ఊరి జనానికి సాగుకు ఇయ్యాలని, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే తేడాలే ఉండొద్దని ప్రతిపాదించారు. ఆ మాట రాజ్యాంగంలోకి ఎక్కలేదు. ఎక్కలేదు గనుకనే ఈ రోజు మనం ఎకరాల లెక్కల్లో సున్నాగా మిగిలినం. భూమి పంచని రాజ్యం, భూమి ఉన్నవాడికి ఎకరానికి ఇంత అని పైసలు కట్టి పాత అన్యాయానికి పంట పంటకూ రెన్యువల్ చేస్తున్నది.

ఆ అక్క అడిగిన ప్రశ్న ఇంకా గట్టు మీదనే ఉన్నది. మా ముగ్గురిల రైతు ఎవరని. రాబోయే గ్రామసభలో, వార్డు సభలో ఆ ప్రశ్నను ఆమెతోనే అడిగిద్దాం. జవాబు చెప్పేదాక లేవొద్దు.

జై భీమ్.